బావా, గిర్ని తిరిగింది

బావా,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. "ఊరికి ఏదైనా పెద్దది చేద్దాంరా, ఎంతైనా పంపిస్తా" అన్నావు. ఫోన్లో చెబితే మధ్యలో నీకు ఇంకో కాల్ వస్తుంది, అందుకే కూర్చుని రాస్తున్నా. టీ పెట్టుకుని చదువు, ఇది కాస్త పొడుగే.

ముందు గిర్ని సంగతి. మొన్న మంగళవారం తిరిగింది! పిండి గిర్ని కాదు, కొర్రలకీ సామలకీ పొట్టు తీసే చిన్న మిషన్. మీ నాయనమ్మ రోట్లో కొర్రలు దంచుతుంటే మనం పక్కన కూర్చునేవాళ్లం, గుర్తుందా? సాయంత్రానికి ఆమె అరచేతులు బొబ్బలెక్కేవి. ఊళ్లో కొర్రలు ఎందుకు పోయాయంటే ఇన్నాళ్లూ వానలు, ధరలు అనే అనుకున్నాను. ఊళ్లో పొదుపు సంఘం ఆడవాళ్లని అడిగితే ఒక్కమాటలో చెప్పారు: "దంచలేక." తినాలని ఉన్నా దంచే ఓపిక లేక పంటే మానేశారు.

మన క్లాస్ వాళ్లం నెలనెలా వేసుకుంటున్న డబ్బులోంచి ఇచ్చింది 40 వేలు. మిగతాది సంఘంవాళ్లు తమ పొదుపులోంచి పెట్టుకున్నారు. గది పంచాయతీది.

తీర్మానం రాసే రోజు నేనూ వెళ్లాను. వేపచెట్టు కింద చాపలు, మధ్యలో తీర్మానాల పుస్తకం. అధ్యక్షురాలు అక్క నన్నడిగిన మొదటి మాట ఇది: "పైసలు మీరిస్తరు, సరే సారూ. బెల్టు తెగితే ఎవరు తెస్తరు?" నా దగ్గర జవాబు లేదు. జల్లెడ ఎప్పుడు మార్చాలి, కరెంటు మీటరు ఎవరి పేరు మీద, పక్క ఊరివాళ్లు వస్తే ఎంత తీసుకోవాలి... గంటన్నర మాట్లాడుకున్నారు. చివరికి కిలోకి 5 రూపాయలని తేల్చారు. అందులో రూపాయి రిపేరు డబ్బాలోకి. అది నిజంగా డబ్బానే బావా, పాత పాలపొడి డబ్బా, మూతకి కత్తితో కోసిన గాటు. సంతకాలు, వేలిముద్రలు అయ్యాక ఆ డబ్బాలో మొదటి రూపాయి ఆ అక్కే వేసింది.

ఇది చూశాక మూడేళ్ల కిందటి మంచినీళ్ల ప్లాంటు గుర్తొచ్చి మనసు కలుక్కుమంది. రెండున్నర లక్షలు పెట్టాం, రిబ్బన్ కట్ చేశాం, ఫోటోలు దిగాం. పద్నాలుగు నెలలకి ఫిల్టర్ పోయింది, అంతే, మూతపడింది. బాగుచేయడానికి ఎవరూ ముందుకు రాలేదని అప్పట్లో నాకు కోపం వచ్చింది. ఎందుకొస్తారు? పెట్టేముందు ఒక్కరినీ అడగలేదు మనం. దాని తాళంచెవి ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది.

అందుకే "పెద్దది" అన్నప్పుడల్లా నాకు టెన్షన్. మా అమ్మ డ్వాక్రా సంఘంలో ఉండేది కదా. 1980ల్లో ఆ పథకం మొదలైనప్పుడు ఒక్కో సంఘానికి ఇచ్చిన మూలనిధి 15 వేలు. ఆడవాళ్లు దానికి తమ పొదుపు కలిపి చేతులు మార్చుకుంటూ గేదెలు కొన్నారు, పిల్లల ఫీజులు కట్టారు. ఎవరికి ముందు ఇవ్వాలో వాళ్లే నిర్ణయించుకునేవాళ్లు. అసలు బలమంతా అందులోనే ఉందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

జహీరాబాద్ పక్కన పస్తాపూర్ చూస్తే నీకూ తెలుస్తుంది. అక్కడి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ 1983 నుంచి ఉంది, సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు. పేడతో అలికిన గుమ్ముల్లో, బూడిదా వేపాకూ కలిపి విత్తనాలు దాస్తారు. విత్తనం తీసుకున్నవాళ్లు పంటొచ్చాక తీసుకున్నదానికంటే ఎక్కువ కొలిచి ఇస్తారు. ఆ ఆడవాళ్లే మాచనూరులో 2008 నుంచి సొంత రేడియో నడుపుతున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ కూడా వచ్చింది. సంక్రాంతికి వస్తే పాత పంటల జాతరకి పోదాం, అలంకరించిన ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా తిరుగుతాయి.

పెద్ద సంస్థలకి "చిన్నది" అంటే ఎంతో చూడు. పర్యావరణ పనులకి దేశదేశాల్లో డబ్బిచ్చే ప్రపంచ పర్యావరణ నిధికి (జీఈఎఫ్) 1992 నుంచి చిన్న గ్రాంట్ల కార్యక్రమం ఒకటి ఉంది. అందులో చాలా ఏళ్లు ఒక్కో గ్రాంటు 50 వేల డాలర్ల దాకా ఉండేది. వాళ్ల లెక్కలో అది చిన్నదే. మన తండా సంఘానికి 50 వేల రూపాయలు దొరికినా చాలు, కానీ అంత చిన్న మొత్తం ఇచ్చేవాళ్లే దొరకరు. ఇచ్చేవాళ్లు కూడా ఇరవై పేజీల దరఖాస్తు ఇంగ్లీషులో అడుగుతారు. మేం అడిగేది తీర్మానం ఫోటో, బిల్లులు. ఆర్నెల్లకి ఒకసారి మేమే వెళ్లి వాళ్లతో కూర్చుంటాం.

ఇక నీ డబ్బు సంగతి. నీకిప్పుడు అమెరికా పౌరసత్వం ఉంది కాబట్టి, నువ్వు సంఘానికి ఇచ్చేది చట్టప్రకారం విదేశీ విరాళం. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉన్న సంస్థలే దాన్ని తీసుకోవాలి, అదీ ఢిల్లీ స్టేట్‌బ్యాంక్ ఖాతాలో. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ కూడా ఆ డబ్బుని ఇంకో సంస్థకి ఇవ్వకూడదు. ఊళ్లలోని చిన్న సంఘాలకి ఇది పెద్ద దెబ్బ బావా. పెద్ద సంస్థ తీసుకుని పది ఊళ్లకి పంచే దారే మూసుకుపోయింది. లెక్కలు సరిగ్గా ఉండాలనడం న్యాయమే, దానికోసం ఆ దారి మొత్తం మూసేయడం మాత్రం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. ఖతర్‌లో ఉన్న మనవాడికి ఇంకా భారత పాస్‌పోర్టే, వాడు తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. మీ తమ్ముడి పేరు మీద తిప్పి పంపుతానని మాత్రం అనకు. అది అడ్డదారి, రేపు ఇబ్బంది పడేది సంఘంవాళ్లు. రిజిస్ట్రేషన్ ఉండి, తనే ఊళ్లలో పనిచేసే సంస్థకి నేరుగా ఇవ్వు. పేర్లు కావాలంటే కనుక్కుని చెబుతాను.

మాకు నీ నుంచి కావలసింది ఇంకోటి ఉంది. తండావాళ్లు మేకలకి నీళ్లతొట్టి కావాలని 18 వేలు అడిగారు. తొట్టి ఎక్కడ కట్టాలో వాళ్లలో వాళ్లకే ఇంకా తేలలేదు. సంక్రాంతి సెలవులకి వచ్చినప్పుడు ఒక పూట నాతో పాటు వచ్చి కూర్చో. ఏమీ మాట్లాడక్కర్లేదు, విను.

గిర్నిలో పట్టిన మొదటి కొర్రల్లో రెండు కిలోలు మీ అమ్మకి ఇచ్చి వచ్చాను. చేటలో పోసి వేళ్లతో అటూ ఇటూ కదిపి, "ఒక్క పొట్టు గింజ లేదురా" అంది. రాత్రి ఫోన్ చేసి కొర్రన్నం తిన్నదో లేదో అడుగు.

నీ
బావ