మూడు అంకెల్లో ఒక రాజ్యసభ సభ్యుడు

సంపాదకులకు నమస్కారం.

పదవీకాలం పూర్తిచేసుకున్న రాజ్యసభ సభ్యుడొకరి గురించి గత ఆదివారం మీ పత్రికలో కథనం వేశారు. ఫొటో పక్కన పెట్టె కట్టి హాజరు ఇంత శాతం, వేసిన ప్రశ్నలు ఇన్ని, మాట్లాడిన చర్చలు ఇన్ని అని మూడు అంకెలు ఇచ్చారు. కింద "ప్రశ్నల్లో ముందు, చర్చల్లో వెనక" అని తీర్పు కూడా చెప్పేశారు. నేను దాన్ని చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో చదివాను. నా పక్క కుర్చీలో గ్రూప్స్‌కు చదువుకుంటున్న కుర్రాడు ఆ మూడు అంకెలూ నోట్సులోకి ఎక్కించుకుని, "అంకుల్, ఇంతకీ ఈయన మంచి ఎంపీ కిందికి వస్తాడా, రాడా?" అని అడిగాడు. పరీక్షలో వస్తుందేమోనని అతని టెన్షన్. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇంటికొచ్చాక తోచింది మీకు రాస్తున్నాను.

ముందు నా సంగతి కాస్త చెప్పాలి. హైదరాబాదులోనే ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఏ కార్యాలయమో ఇక్కడ అనవసరం. అందులో పదేళ్లకు పైగా పార్లమెంటు ప్రశ్నలకు సమాచారం తయారుచేసి పైకి పంపడమే నా సీటు పని. మేము 'పీక్యూ' అనేవాళ్లం. పీక్యూ వచ్చిందంటే ఆ రోజుకు సెలవులు లేవు, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లడాలు లేవు, ఫ్యాక్సు మిషను దగ్గర ఒక మనిషి కాపలా. సభ్యుడు పదిహేను రోజుల ముందే నోటీసిస్తాడు. అది ఢిల్లీలో మంత్రిత్వ శాఖకు చేరి, అక్కడి నుంచి డైరెక్టరేటుకు, అక్కడి నుంచి జోనల్ ఆఫీసుకు దిగి మా దాకా వచ్చేసరికి మిగిలేది ఒక పూటో, మహా అయితే ఒకటిన్నర రోజో. "సాయంత్రం అయిదులోపు, నిల్ అయినా సరే పంపవలెను" అని పైన ఎర్ర ఇంకుతో రాసి ఉండేది.

ఆ ప్రశ్నలన్నీ ఒకే అచ్చులో ఉంటాయి. (ఎ) ఫలానాది నిజమేనా, (బి) అవునైతే వివరాలేమిటి, (సి) కాకపోతే కారణాలేమిటి. ఇందులో చాలావాటికి మేము పోయిన సమావేశాల్లో పంపిన జవాబునే తీసి, అంకెలు మార్చి, తేదీ మార్చి పంపేవాళ్లం. నేనే ఎన్నోసార్లు పంపాను, దాచడమెందుకు. అంకెలు చేతిలో లేకపోతే పైవాళ్లకు ఒక వాక్యం సిద్ధంగా ఉండేది: సమాచారం సేకరిస్తున్నాము, సభ ముందు ఉంచుతాము. ఎంత వానకైనా ఆ ఒక్క గొడుగు సరిపోయేది. నిజానికి ఆ మాట అన్నాక అది ప్రభుత్వ హామీ కింద లెక్క. మూడు నెలల్లో తీర్చాలి. తీర్చారో లేదో చూడడానికి రాజ్యసభలో 1972 నుంచి ప్రత్యేకంగా ఒక కమిటీ కూడా ఉంది. మూడు నెలలు అయిపోవస్తుంటే గడువు పొడిగించమని పైకి ఉత్తరం పెట్టడమూ నా పనే. ఆ ఉత్తరాలు రాయడంలో నాకు మంచి పేరుండేది. ప్రశ్న వేసిన సభ్యుడు మళ్లీ ఆ సంగతి అడగడం నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని సార్లే చూశాను. వేసి మరచిపోయినా, వెంటపడి అడిగినా మీ పెట్టెలో మాత్రం ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నే.

ఇక నక్షత్రం గుర్తు ప్రశ్నలు. ఇప్పుడు రాజ్యసభలో రోజుకు 15 మాత్రమే, అవీ లాటరీలో తగిలితేనే. నక్షత్రం లేనివి 160 దాకా ఉంటాయి. వాటికి కాగితం మీద జవాబు, అంతటితో సరి. నక్షత్రం ఉన్నదానికి మంత్రి లేచి నిలబడి జవాబు చెప్పాలి, ఆపైన అనుబంధ ప్రశ్నలు ఎవరు ఏ వైపు నుంచి వేస్తారో తెలియదు. అందుకని దానికి వేరే కట్ట తయారవుతుంది, 'నోట్ ఫర్ సప్లిమెంటరీస్' అని. ఎవరు ఏమడిగినా మంత్రికి కాగితం అందాలి. దాని కోసం అటకెక్కిన ఫైళ్లన్నీ కిందికి దిగుతాయి.

తొంభైల చివర్లో అలాంటిదొకటి కారుణ్య నియామకాల మీద వచ్చింది. ఉద్యోగంలో ఉండగా చనిపోయినవాళ్ల కుటుంబాల దరఖాస్తులు ఎన్ని ఉన్నాయి, ఎన్నేళ్లుగా ఉన్నాయి, ఎందుకున్నాయి. రాత్రి తొమ్మిదింటికి బీరువాలో ఫైళ్లన్నీ బల్ల మీద పరిచి కూర్చున్నాం. ఒక అటెండరు భార్య దరఖాస్తు మూడేళ్లుగా ఆగి ఉంది. వారసత్వ ధ్రువపత్రం రాలేదని నోటు. ఆ పత్రం ఎప్పుడో వచ్చింది, పొరపాటున వేరే ఫైలుకు ట్యాగు వేసి ఉంది. మా ఆఫీసరు ఆ రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కళ్లజోడు తీసి, "రేపు పొద్దున్నే పెట్టు నాయనా" అన్నారు. నాలుగు నెలల్లో ఆవిడ ఉద్యోగంలో చేరింది.

మరి సభలో ఏమైంది? ఆ రోజు ఏదో గొడవ మీద సభ వాయిదా పడింది. ప్రశ్న వంతే రాలేదు. జవాబు రాతపూర్వకంగా బల్ల మీద పెట్టారు. సభ్యుడు నోరు విప్పింది లేదు, మంత్రి లేచింది లేదు. అచ్చులో అది అరపేజీ. తను వేసిన ప్రశ్న వల్ల హైదరాబాదులో ఒక ఇంట్లో పొయ్యి వెలిగిందని ఆ సభ్యుడికి తెలియదు, ఆవిడకూ తెలియదు. చాలా ఏళ్లు మా సెక్షన్‌లోనే పనిచేసింది. నేనూ చెప్పలేదు, చెబితే మా మూడేళ్ల తప్పు కూడా చెప్పాలి కదా.

ప్రతి ప్రశ్నా ఇలా ఉంటుందని నేను అనను. వందకు ఒకటి ఉంటే గొప్పే. మిగతా తొంభై తొమ్మిదీ దాని పక్కనే కూర్చుని అంకెను పెంచుతున్నాయి, అంతే.

హాజరు సంగతీ చెప్పాలి. రిజిస్టరులో సంతకం పడితే ఆ రోజుకు వచ్చినట్టు, దినసరి భత్యమూ వచ్చినట్టు. సంతకం పెట్టి అయిదు నిమిషాల్లో వెళ్లిపోయినా, రాత్రి దాకా బిల్లు మీద కూర్చున్నా ఒకటే హాజరు. మంత్రులు ఆ రిజిస్టరులో సంతకమే పెట్టరు, ప్రశ్నలూ వేయరు. 2014 నుంచి 2017 దాకా కేంద్ర మంత్రిగా ఉన్న వెంకయ్య నాయుడు గారికి మీ పెట్టె కట్టి ఉంటే ఏముండేది? మూడింటిలో రెండు గడులు ఖాళీ. 2020 వానాకాల సమావేశాల్లో కోవిడ్ పేరు చెప్పి ప్రశ్నోత్తరాల సమయాన్నే ఎత్తేశారు, ఆ ఏడాది శీతాకాల సమావేశాలైతే జరగనే లేదు. మీరు రాసిన సభ్యుడి ఆరేళ్లలో ఆ రోజులూ ఉన్నాయి. ఆ ముక్క ఒక్కటైనా పెట్టె కింద చిన్న అక్షరాల్లో వేయాల్సింది.

సచిన్ టెండూల్కర్‌ను తీసుకోండి. 2012లో నామినేట్ అయి ఆరేళ్లు ఉన్నారు. హాజరు పది శాతం కూడా లేదు, ప్రశ్నలు 22. రావలసినన్ని రోజులు రాలేదన్న మాట నిజమే, దాన్ని నేను వెనకేసుకు రాను. కానీ చర్చల గడి దగ్గర కాస్త ఆగాలి. 2017 డిసెంబరులో ఆడుకునే హక్కు మీద మాట్లాడడానికి ఆయన లేచి నిలబడ్డారు. సభలో గోల. కొన్ని నిమిషాలు అలాగే నిలబడి, ఒక్క మాట కూడా చెప్పలేకపోయారు. మర్నాడు ఆ ప్రసంగాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టుకున్నారు. అదే మనిషి అప్పటి నెల్లూరు జిల్లా గూడూరు దగ్గర పుట్టంరాజువారి కండ్రిగను దత్తత తీసుకున్నారు. ఆ ఊరివాళ్లను అడిగితే రోడ్ల గురించి, కాలువల గురించి చెబుతారు, హాజరు శాతం చెప్పరు. నిధులతో చేసిన పని వేరు, సభలో చేసిన పని వేరు. మా రాంనగర్ వైపు కూడా ఎంపీ నిధులతో కట్టిన హాళ్ల మీద శిలాఫలకాలున్నాయి. జనానికి తెలిసిన రికార్డు ఆ రాయి మీద ఉన్నదే.

పాతకాలం వాళ్ల విషయంలోనూ ఇంతే. పుచ్చలపల్లి సుందరయ్య గారు 1952లో రాజ్యసభకు వెళ్లారు. సైకిల్ మీద పార్లమెంటుకు వెళ్లేవారని పదో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. అక్కడికెళ్లి ఏం మాట్లాడారో చెప్పేవాళ్లను బాగ్‌లింగంపల్లిలో ఆయన పేరిట ఉన్న విజ్ఞాన కేంద్రం బయట వెతకాల్సిందే. రాజ్యసభ చర్చలు 1952 నుంచీ ఇంటర్నెట్‌లో పెట్టారు. సైకిల్ కథ మళ్లీ వేసేటప్పుడు ఒక్క పేజీ అందులోంచి కూడా తీసి వేయండి.

మంత్రులు కాని సభ్యులు సొంతంగా పెట్టే ప్రైవేటు బిల్లుల మాట మీరు ఎత్తలేదు, సంతోషం. చట్టాలైనవి ఇప్పటికి 14, ఆఖరిది 1970లో. అక్కడ సున్నా ఉందని ఎవరినీ అనడానికి లేదు.

ఆ కుర్రాడికి జవాబు బాకీ పడ్డాను కాబట్టి, రెండు మధ్యాహ్నాలు కూర్చుని మీరు రాసిన సభ్యుడి ప్రశ్నలూ జవాబులూ చదివాను. ఇంట్లో మనవరాలి లాప్‌టాప్ మీద. కళ్లు మండాయి. ఎక్కువ భాగం మా పాత అచ్చులోవే, దేశం మొత్తానికి వర్తించేవి, ఏ రాష్ట్రం సభ్యుడు వేసినా తేడా తెలియనివి. ఎవరో సహాయకుడు కట్టలు కట్టలుగా తయారుచేసి ఇచ్చినట్టున్నాయి. ఆ తవుడులో ఒక చోట ఆగాను. కేంద్ర కార్యాలయాల్లో ఖాళీల మీద మూడుసార్లు అడిగారు. మొదటిసారి జవాబు మా గొడుగే. రెండోసారి, పోయినసారి సేకరిస్తామన్న సమాచారం ఏమైంది అని పాత ప్రశ్న నంబరు వేసి అడిగారు. మూడోసారికి అంకెలు వచ్చాయి. పాత నంబరు వేసి అడిగే సభ్యుడంటే ఆఫీసుల్లో మాకు భయం. ఆయనకు అబద్ధం చెప్పలేం, పాతది అంటించి పంపలేం. మీ పెట్టెలో ఆ మూడూ మూడు ప్రశ్నలు మాత్రమే. నా దృష్టిలో ఆయన ఆరేళ్లలో బరువున్నవి అవే. మిగతా అంకె అంతా నాబోటి గుమాస్తాలకు జీతం ఇప్పించింది.

చర్చల్లో వెనక అన్నారు, నిజమే. అయితే బిల్లులనూ శాఖల పద్దులనూ పరిశీలించే స్టాండింగ్ కమిటీలో ఆయన ఏం చేశారో మీకూ నాకూ కనిపించదు, ఆ తలుపులు మూసి ఉంటాయి. కమిటీ నివేదికల్లో హాజరైన సభ్యుల పేర్లు ఉంటాయి. మీ ఢిల్లీ విలేఖరి వాటిని ఒక పూట తిరగేస్తే నాలుగో గడి దొరుకుతుంది.

ఇంకొకటి. 2018 నుంచి రాజ్యసభలో 22 భాషల్లో దేనిలోనైనా మాట్లాడవచ్చు, వెంటనే అనువాదం చేసేవాళ్లున్నారు. మన రెండు రాష్ట్రాలకూ కలిపి 18 మంది ఉన్నారు కదా. వాళ్లలో ఎవరు, ఏ విషయం మీద, తెలుగులో మాట్లాడారో ఒక్కసారి వేయండి. ఇది ఆరోపణ కాదు, తెలుసుకోవాలని.

ఆ ఖాళీల ప్రశ్నల మూడు జవాబులూ ప్రింటు తీసి పెట్టాను. ఒక సెట్ ఆ కుర్రాడికి ఇస్తే, "ఇంత చదవాలా అంకుల్" అన్నాడు గానీ, మర్నాడు వచ్చి రెండో జవాబులో ఒక తప్పు చూపించాడు. ఇచ్చిన పట్టికలో మొత్తం సరిపోలేదు, నేను గమనించలేదు. మీ విలేఖరికి కావాలంటే ఇంకో సెట్ ఉంది. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా లైబ్రరీలోనే, పేపర్ల బల్ల దగ్గర ఉంటాను.

ఇట్లు,
ఒక పెన్షనరు, రాంనగర్, హైదరాబాద్
(పేరు, చిరునామా మీకు విడిగా రాశాను. అచ్చు వేయవద్దని మనవి.)