కారు గేజ్ గురించి అమ్మాయికి

విజయవాడ

చిరంజీవి అమ్మడికి నాన్న ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వు అడిగిన ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబు చెప్పడం ఇష్టం లేక ఈ ఉత్తరం రాస్తున్నాను. కారు మైలేజీ తగ్గిందనీ, మెకానిక్ ఒకసారి ‘రిచ్ కొడుతోంది’ (పెట్రోలు ఎక్కువ పోతోంది) అనీ మరోసారి సెన్సార్ మార్చాలనీ అంటున్నాడనీ, అందుకని గాలికీ పెట్రోలుకూ మధ్య నిష్పత్తిని చూపించే గేజ్ సొంతంగా చేసుకుంటాననీ చెప్పావు. తప్పకుండా చెయ్యి. అయితే 14.7 అనో 13.2 అనో అంకెల్లో చూపించే డిస్‌ప్లే పెడతానన్నావే, అది మాత్రం మానుకో. మన పాత కారులో ఉన్న ఆక్సిజన్ సెన్సార్‌కు ఆ అంకె తెలియదు. దానికి తెలియని సంగతిని నువ్వు ఎర్రటి అంకెల్లో వెలిగిస్తే, చూసినవాళ్లు నమ్ముతారు, చివరికి నువ్వూ నమ్ముతావు.

ఇంజను దగ్గర సైలెన్సర్ గొట్టానికి బిగించి ఉండే ఆ సెన్సార్ లోపల జిర్కోనియా పింగాణీ ఉంటుంది. దానికి ఒకవైపు బయటి గాలి, మరోవైపు ఇంజను వదిలిన పొగ తగులుతాయి. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కాక, రెండు వైపులా ఉన్న ఆక్సిజన్‌లో తేడాను బట్టి అది తనంతట తానే చిన్న వోల్టేజీ పుట్టిస్తుంది. పెట్రోలు ఎక్కువైతే 0.8 నుంచి 0.9 వోల్టులు, గాలి ఎక్కువైతే 0.1 వోల్టు దరిదాపులు, రెండూ సరిపోయిన చోట 0.45 వోల్టు వస్తుంది. చిక్కేమిటంటే, మిశ్రమం ఆ సమస్థితికి ఇటు కొంచెం, అటు కొంచెం జరిగేలోపే వోల్టేజీ ఈ కొస నుంచి ఆ కొసకు దూకేస్తుంది. ఆ తర్వాత మిశ్రమం ఎంత చిక్కబడినా అది పెద్దగా కదలదు. కదిలినా, కారణం మిశ్రమమా, సెన్సార్ వేడా అన్నది తేల్చలేం. త్రాసు ముల్లు ఎటు వాలిందో చూపుతుంది గాని ఎన్ని గ్రాములు తేడా ఉందో చెప్పదు కదా, ఇదీ అంతే.

బాష్ కంపెనీ ఈ సెన్సార్‌ను 1976లో వోల్వో కార్లతో మొదలుపెట్టింది. పొగను శుభ్రపరిచే కెటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేయాలంటే మిశ్రమం ఆ సమస్థితి చుట్టూనే తిరుగుతుండాలి. అందుకు ఇంజనును నడిపించే కంప్యూటరైన ఈసీయూకు కావలసింది ‘ఎక్కువా, తక్కువా’ అన్న ఒక్క జవాబే.

ఇంకో సంగతి. 14.7 అన్న అంకె, అంటే ఒక పాలు పెట్రోలుకు బరువులో 14.7 పాళ్ల గాలి అన్న లెక్క, ఏమీ కలపని పెట్రోలుకు చెందినది. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి దానికి గాలి తక్కువ చాలు, ఒక పాలుకు 9 పాళ్లు. అందువల్ల ఈ మిశ్రమానికి సమస్థితి 13.5 దగ్గరకు దిగుతుంది. సెన్సార్ చూసేది మిగిలిన ఆక్సిజన్‌నే కనుక 0.45 వోల్టు దగ్గర అది చెప్పే మాట ఏ పెట్రోలుకైనా నిజమే, పక్కన మనం రాసుకునే 14.7 మాత్రం తప్పు. నీ గేజ్ మీద ‘గాలి ఎక్కువ’, ‘సమం’, ‘పెట్రోలు ఎక్కువ’ అని రాసుకో, చాలు.

పది ఎల్ఈడీలను వరుసగా వెలిగించే ఎల్‌ఎం3914 ఐసీ ఈ పనికి చక్కగా సరిపోతుంది. కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లినప్పుడు ఐసీ బేస్ (ఐసీని గుచ్చే సాకెట్) కూడా అడుగు, ఐసీని నేరుగా బోర్డుకు సోల్డర్ చేయకు. ఏడో పిన్ దగ్గర 1.25 వోల్టుల స్థిరమైన రిఫరెన్స్ వస్తుంది. ఎనిమిదో పిన్‌నూ నాలుగో పిన్‌నూ గ్రౌండ్ చేసి, ఏడో పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 1 కిలో ఓం ప్రీసెట్ (స్క్రూతో తిప్పి సరిచేసే చిన్న రెసిస్టర్) పెట్టి, దాని మధ్య కాలును ఆరో పిన్‌కు కలిపి, అక్కడ సరిగ్గా 1 వోల్టు వచ్చేదాకా తిప్పు. అప్పుడు ఒక్కో దీపానికి 0.1 వోల్టు పడుతుంది. ఏడో పిన్ నుంచి లాగే కరెంటుకు పది రెట్లు ఒక్కో ఎల్ఈడీలో పారుతుంది కనుక, ఆ ప్రీసెట్ ఒక్కటే దీపాల వెలుగునూ 12, 13 మిల్లీ ఆంపియర్ల దగ్గర నిలబెడుతుంది; విడిగా రెసిస్టర్లు అక్కర్లేదు. తొమ్మిదో పిన్‌ను ఖాళీగా వదిలేస్తే ఒకసారికి ఒక్క దీపమే వెలుగుతుంది, రాత్రి డ్రైవింగులో కళ్లకు అదే హాయి. మొదటి మూడు ఎరుపు (గాలి ఎక్కువ), తర్వాతి రెండు ఆకుపచ్చ (సమం), మిగిలినవి పసుపు (పెట్రోలు ఎక్కువ) పెట్టుకో.

కారు కరెంటును నేరుగా ఇవ్వవద్దు. ఇంజను నడుస్తుంటే 14 వోల్టుల దాకా ఉంటుంది, మధ్యమధ్య అంతకు చాలా మించి ఎగురుతుంది కూడా. అర ఆంపియర్ ఫ్యూజు, 1ఎన్4007 డయోడు, ఆ తర్వాత కరెంటును 5 వోల్టుల దగ్గర నిలిపే 7805 రెగ్యులేటర్, దాని ముందూ వెనకా కెపాసిటర్లు ఉండాలి. దీపాలకు పోయే వైర్లు జానెడు ఉన్నా సరే, ఎల్ఈడీల ప్లస్ నుంచి రెండో పిన్‌కు 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేయి. లేకపోతే ఐసీ తనలో తాను ఊగిపోయి పక్కపక్క దీపాలు మసకగా కలిసి వెలుగుతాయి. బోర్డు పూర్తయ్యాక కారు దగ్గరకు పరుగెత్తకుండా, బల్ల మీదే పెన్సిల్ సెల్‌తోనూ ఇంకో ప్రీసెట్‌తోనూ 0.45 వోల్టు తయారుచేసి, సిగ్నల్ తీసుకునే ఐదో పిన్‌కు ఇచ్చి చూడు. నాలుగో దీపం వెలగాలి.

సెన్సార్ వైరును పట్టుకోవడంలోనే అసలు జాగ్రత్త ఉంది. బాష్ పద్ధతిలో తెల్లవి రెండూ హీటరువి, నల్లది సిగ్నల్, బూడిదరంగుది గ్రౌండ్. మిగతా కంపెనీల రంగులు వేరు కనుక రంగును నమ్మకు. ఇంజను బాగా వేడెక్కాక డిజిటల్ మల్టీమీటరులో 0.1కీ 0.9కీ మధ్య ఊగే వైరే నీకు కావలసినది. దానిని సెన్సార్ దగ్గర కోయకు, అక్కడ సోల్డర్ అసలే చేయకు. చాలా సెన్సార్లు బయటి గాలిని ఆ వైరు తొడుగులోంచే పీల్చుకుంటాయి, సోల్డర్ ఆ దారిని మూసేస్తుంది. కనెక్టర్‌కు ఈసీయూ వైపున కొమ్మ తీసుకుని, ఆ మొదట్లోనే 100 కిలో ఓంల రెసిస్టర్ పెట్టు; నీ వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలినా ఈసీయూకు అందే సిగ్నల్ ఆగిపోదు. గ్రౌండ్‌ను డ్యాష్‌బోర్డు స్క్రూ నుంచి కాకుండా ఇంజను నుంచి తెచ్చుకో. హెడ్‌లైట్లు వేయగానే దీపం ఒక గడి జరిగిందంటే తప్పు మిశ్రమంలో లేదు, గ్రౌండ్‌లో ఉందని అర్థం.

ఇక చదవడం. చల్లటి ఇంజనుతో దీపం కదలకపోతే కంగారుపడకు, సెన్సార్ ఇంకా మేలుకోలేదు. వేడెక్కాక ఒకే వేగంతో పోతుంటే దీపం ఎరుపు నుంచి పసుపుకు, పసుపు నుంచి ఎరుపుకు చకచకా తిరుగుతుండాలి. కొత్తగా చూసేవారు దీన్ని జబ్బు అనుకుంటారు గాని, ఈసీయూ సరిచేస్తూ ఉందనడానికి గుర్తు ఆ ఊగడమే. అది బద్ధకంగా సాగుతుంటే సెన్సార్ ముసలిదైందని అనుమానించాలి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే పసుపులో నిలిచిపోతుంది. గేరులో ఉండగా కాలు తీసేస్తే పెట్రోలు ఆగిపోతుంది కాబట్టి దీపాలన్నీ ఆరిపోతాయి. పదో దీపం మామూలుగా ఎప్పుడూ వెలగకూడదు. వెలిగితే సిగ్నల్ వైరుకు ఎక్కడో వేరే కరెంటు తగులుతోందని చూసుకో.

నీ మైలేజీ సమస్యలో నేను ముందు అడిగేది ప్లగ్గుల గురించి. ఒక సిలిండర్‌లో నిప్పు సరిగా పడకపోతే కాలని పెట్రోలుతో పాటు వాడని ఆక్సిజన్ కూడా బయటికి వస్తుంది. సెన్సార్ పెట్రోలును లెక్కపెట్టదు, ఆక్సిజన్‌నే చూసి ‘గాలి ఎక్కువ’ అంటుంది, ఈసీయూ ఆ మాట విని ఇంకా పెట్రోలు పోస్తుంది. సెన్సార్‌కు ముందు సైలెన్సర్ గొట్టం జాయింటు కారుతున్నా ఇదే తంతు. కనుక దీపం ఎరుపు వైపే ఎక్కువగా ఉంటున్నా ఖర్చు పెరిగిందంటే, సెన్సార్ కొనకముందు ప్లగ్గులూ ఆ జాయింటూ చూపించు.

పూర్తి యాక్సిలరేటర్ మీద మిశ్రమం ఎంత ఉందో నిజంగా తెలుసుకోవాలన్న పట్టుదల ఉంటే వైడ్‌బ్యాండ్ సెన్సార్ కావాలి. బాష్ ఎల్ఎస్‌యూ 4.9 అలాంటిదే, దానికి ప్రత్యేకమైన కంట్రోలర్ ఉండాలి, ఖర్చు వేలల్లోకి పోతుంది, ఇంటికీ కాలేజీకీ తిరిగే కారుకు అనవసరమని నా అభిప్రాయం. ఈ పది దీపాలను చూసి ఇంజను సెట్టింగు మార్చే పని మాత్రం పెట్టుకోవద్దు.

పెట్టెను స్టీరింగు వెనక మీటర్ల పక్కన, తల తిప్పకుండా కనిపించేచోట బిగించు; మొదటి రోజు పక్కన స్నేహితురాలిని కూర్చోబెట్టి దీపాల సంగతి ఆమెనే రాసుకోమను. సోల్డరింగ్ అయ్యాక బోర్డు రెండు వైపులా ఫొటో తీసి పంపు, కరెంటు ఇచ్చే ముందు నేను ఒకసారి చూస్తాను.

ఆశీస్సులతో,
నాన్న