పొగ కొట్టినా మలేరియా దోమ ఎందుకు తగ్గదు?

తల్లిదండ్రులకు నమస్కారం.

దోమల మందు పొగ కొట్టే బండి వచ్చి వెళ్లాక కూడా దోమలు ఎందుకు తగ్గవని అడిగేవారి కోసం ఈ నెల ఉత్తరం.

పొగ ఆ కాసేపు గాలిలో ఎగిరే దోమలనే చంపుతుంది. నీళ్లలోని లార్వాలను ముట్టదు, గది మూలల్లో వాలినవాటికి సరిగా అందదు. వేడి రోజుల్లో గుడ్డు పెద్ద దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. నీటిని వదిలేసి పొగను నమ్ముకుంటే మళ్లీ మొదటికే వస్తాం.

మురికి కాలవే మలేరియాకు మూలమనుకోవడం పొరపాటు. ఈ జబ్బును మోసే అనాఫిలిస్ దోమ ఎక్కువగా తేట నీటిలో గుడ్లు పెడుతుంది. అందులో స్టీఫెన్సై అనే రకం పట్టణాల్లో మూతలేని ట్యాంకులు, సంపుల్లో పెరుగుతుంది. దక్షిణాసియాలో ఉండే ఈ దోమ 2012లో ఆఫ్రికాలోని జిబూటీలోనూ బయటపడింది. మీ ట్యాంకులో టార్చి వేసి చూడండి. లార్వా నీటి పైపొరకు సమాంతరంగా పడుకుని ఉంటే అనాఫిలిస్. తల కిందులుగా వేలాడితే వేరే దోమ. ఏదైనా సరే, చిన్న పాత్రలను వారానికోసారి పూర్తిగా ఖాళీ చేయండి. ట్యాంకు మూత సందులేకుండా బిగించి, గాలి గొట్టానికి సన్నని జాలీ కట్టండి.

అన్నిటికన్నా కలవరపెట్టేది మందుకు లొంగని దోమలు. దోమతెరలకు పూసే పైరిత్రాయిడ్లు అనే దోమల మందులు, కాయిల్స్, ప్లగ్గు ద్రవాలు, కొన్ని పొలం మందులు ఒకే జాతివి. ఏళ్ల తరబడి అవే తగిలితే, తట్టుకున్న దోమల సంతతే మిగులుతుంది. దోమ ఒంట్లో మందును విరిచే ఎంజైములను అడ్డుకోవడానికే పీబీఓ అనే పదార్థం కలిపిన తెరలు వచ్చాయి. దొరికితే అవే తీసుకోండి.

మందు తెరను బ్లీచింగుతో ఉతికినా, ఎండలో ఆరేసినా మందు పోతుంది. చల్లని నీళ్లు, మామూలు సబ్బు, నీడ చాలు. సుమారు 20 ఉతుకుల వరకు మందు నిలుస్తుంది. చిరుగును ఆ రోజే కుట్టి, అంచులను పరుపు కిందికి దోపండి. మందు బలం తగ్గినా చిరగని తెర దోమను ఆపుతుంది.

అయితే కొన్ని దోమలు మనం తెరలోకి వెళ్లకముందే, సాయంత్రం ఆరుబయటే కుడతాయి. చీకటి పడ్డాక ఆడుకునే, చదువుకునే పిల్లలకు నిండు చేతుల చొక్కా, పొడవు ప్యాంటు వేయండి.

జ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. దోమకు మలేరియా క్రిమి అంటేది రోగి రక్తం నుంచే. మలేరియాలో వైవాక్స్ అనే రకమైతే క్రిమి కాలేయంలో దాగి, నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. దానికిచ్చే ప్రైమాక్విన్ మాత్రలు సాధారణంగా 14 రోజుల కోర్సు. జీ6పీడీ అనే ఎంజైము రక్తంలో తగినంత ఉందో లేదో పరీక్ష చూసి డాక్టరు రాయాలి. జ్వరం తగ్గిందని మూడో రోజే మానేయకండి. పరీక్ష ఫలితాన్ని తరగతి ఉపాధ్యాయులకు తెలియజేయండి; తప్పిన పాఠాలు మళ్లీ చెప్పిస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు