తూటాలతో పాటు లెక్కలకూ డబ్బు కావాలి

సంపాదకులకు,

అమెరికా పశ్చిమ తీర అడవుల్లో 30 ఏళ్లలో సుమారు 4.5 లక్షల వరకు బార్డ్ గుడ్లగూబలను తొలగించే ప్రణాళికను అక్కడి వన్యప్రాణి శాఖ 2024లో ఖరారు చేసింది. నేను సియాటిల్ దగ్గర ఉంటాను కనుక 'మీ దగ్గర గుడ్లగూబలను కాల్చేస్తారట కదా' అన్న ప్రశ్న తప్పడం లేదు. మన వైపు అది ఇంటిమీద కూస్తే అపశకునమనేవారు. ఇక్కడ ఆ కూతకు చెవులు రిక్కించేవారే ఎక్కువ.

తూర్పు అడవుల నుంచి గత శతాబ్దంలో వచ్చిన ఈ పక్షి, 1990 నుంచి రక్షణ జాబితాలో ఉన్న మరో జాతి గుడ్లగూబ స్పాటెడ్ ఔల్‌ను తరిమేస్తోంది. (స్పాటెడ్ ఔల్ బతికే ముదురు అడవిని ముందుగా నరికింది మాత్రం మనుషులే.) బార్డ్ గుడ్లగూబలను తొలగించిన చోట స్పాటెడ్ ఔల్ సంఖ్య దాదాపు నిలబడిందని, తొలగించని చోట ఏటా 12 శాతం పడిపోయిందని 2021లో వెలువడిన అధ్యయనం తేల్చింది. ఏళ్ల తరబడి డబ్బు పెట్టి లెక్కించారు కనుకే ఆ సంగతి తెలిసింది.

అయితే చర్చంతా స్పాటెడ్ ఔల్ ఒక్కదాని చుట్టూనే తిరుగుతోంది. తూర్పు నుంచి వచ్చిన బార్డ్ గుడ్లగూబకు తిండి దగ్గర మొహమాటం లేదు. ఉడుతలు, కప్పలు, బల్లిలా కనిపించే సాలమాండర్లు, వాగుల్లోని రొయ్యల్లాంటి క్రేఫిష్‌లు, చివరికి చిన్న స్క్రీచ్ గుడ్లగూబలు కూడా దానికి ఆహారమే. కాల్చిన పక్షుల పొట్టల్లో ఏముందో చూడడానికి, ఆ తర్వాత వాగుల్లో ఏవి తిరిగి పెరిగాయో లెక్కించడానికి తూటాల ఖర్చుతో పాటే నిధులు కేటాయించాలి. ఒక ఏడాది గ్రాంటు ఇచ్చి మరుసటి ఏడాది ఆపేస్తే ఆ లెక్కలు ఎందుకూ కొరగావు.

- ఒక పాఠకుడు, సియాటిల్