గోడ మీద ఫోటో తీసేశాను: మన జిమ్ సభ్యులకి, మానేసి మళ్లీ రావాలనుకునేవాళ్లకి

అందరికీ నమస్కారం.

పద్దెనిమిది నెలల పాటు మీ జిమ్ ఓనర్ ఒక్క సెట్ కూడా చెయ్యలేదు. ఈ సంగతి కొందరికి తెలుసు. తెలిసినా కొందరు మర్యాద కొద్దీ అడగలేదు. కౌంటర్ దగ్గర కూర్చుని ఫీజులు రాసుకుంటూ, అక్కడి నుంచే "నడుం వంచకండి బాబూ" అని అరుస్తూ కాలం వెళ్లబుచ్చాను. అమ్మ బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్, మంచం, వాకర్. ఆ మూడు నెలలూ నిజంగానే ఊపిరి సలపలేదు. మిగతా పదిహేను నెలలకి అమ్మని సాకు చెప్పడం న్యాయం కాదు. అలవాటు తప్పింది, అంతే.

తీరా మొదలుపెడదామనుకుంటే వేరే ఇబ్బంది వచ్చింది. మన హాల్లో అద్దం పక్కన నా పాత ఫోటో ఉండేది కదా, 140 కిలోల డెడ్‌లిఫ్ట్‌ది, అంటే నేల మీది బరువుని నిటారుగా నిలబడేదాకా ఎత్తడం. దాని కింద నిలబడి ఒట్టి రాడ్ భుజాల మీద పెట్టుకుని గుంజీళ్లలా స్క్వాట్ చెయ్యడానికి నాకు సిగ్గేసింది. మీరంతా చూస్తారు. చూసి ఏమీ అనరు, అది ఇంకా కష్టం. అందుకని నన్నెవరూ గుర్తుపట్టని చోటికి కస్టమర్‌గా వెళ్దామనుకున్నాను. మన విశాఖలోనే గాజువాక వైపు రెండు, మధురవాడ వైపు రెండు, ఎంవీపీ కాలనీలో ఒకటి, మొత్తం ఐదు జిమ్‌లు తిరిగాను. పేర్లు చెప్పను. వాళ్లూ నాలాగే ఈఎంఐలు కట్టుకుంటూ బతుకుతున్నవాళ్లే.

అక్కయ్యపాలెంలో తొమ్మిదేళ్లుగా జిమ్ నడుపుతున్నవాణ్ణి, ఒక జిమ్ మెట్లెక్కి లోపలికి వెళ్లడానికి రెండు నిమిషాలు బయటే నిలబడ్డాను. లోపలున్నవాళ్లంతా నాకంటే బలవంతుల్లా కనిపించారు. మీలో ఎంతమంది మన మెట్ల దగ్గర ఇలాగే నిలబడి వెనక్కి వెళ్లిపోయారో అని అప్పుడు తట్టింది.

ఐదింటిలో నాలుగు చోట్ల మొదటి ప్రశ్న ఒకటే: "ఎన్ని నెలల ప్యాకేజీ సార్?" రెండోది: "తగ్గాలా, పెరగాలా?" ఎప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు, దెబ్బేదైనా తగిలిందా, బీపీ ఉందా, ఇవి అడిగింది ఒక్క చోటే. అడిగినావిడ ట్రైనర్ కూడా కాదు, రిసెప్షన్‌లో అమ్మాయి. ఆ అమ్మాయి నోట్‌బుక్‌లో రాసుకుని ట్రైనర్‌కి చూపించింది. ఆయన చూసి, "అయితే ఈ వారం రోజుకి ఇరవై నిమిషాలు చాలు మాస్టారూ" అన్నాడు. ఇల్లు దగ్గరైతే నేను అక్కడే చేరిపోయేవాణ్ణి. అబద్ధం ఎందుకు.

ఇంకోచోట మంచి ఉత్సాహమున్న కుర్రాడు దొరికాడు. "అన్నా, బాడీ చూస్తే తెలుస్తోంది, పాత ఫామ్ వారంలో తెప్పిస్తా" అన్నాడు. వద్దనాల్సింది. పొగిడితే పడిపోని మగాడెవడు? 60 కిలోలు వేసి స్క్వాట్ నాలుగు సెట్లు, తర్వాత లెగ్ ప్రెస్, తర్వాత లంజెస్, అన్నీ కాళ్లకే. ఆ సాయంత్రం బాగానే ఉన్నాను, గర్వంగా బిర్యానీ కూడా తిన్నాను. రెండో రోజు పొద్దున్న మన జిమ్ మెట్లు దిగడానికి రెయిలింగ్ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టూ పీతలా దిగాను. కింద టీ కొట్టు ఆయన చూసి, "ఏటి మాస్టారూ, అమ్మగారి వాకర్ మీకు కావాలేటి?" అన్నాడు.

నవ్వొచ్చింది కానీ, ఆ మెట్ల మీదే ఇంకొకాయన గుర్తొచ్చారు. రెండేళ్ల కిందట ఆయన మన దగ్గర సంవత్సరం ఫీజు తొమ్మిది వేలు ఒకేసారి కట్టి చేరారు. పెళ్లికి ముందు బాగా చేసేవారట, నాలుగేళ్లు మానేశారు. మొదటి రోజే మన సాయంత్రం ట్రైనర్ ఆయనచేత అచ్చంగా ఇదే లెగ్ డే చేయించాడు. నేను కౌంటర్ దగ్గరే ఉన్నాను. చూశాను. "పర్లేదు, పాత మనిషే కదా" అనుకున్నాను. నాలుగు రోజులు ఆయన ఆఫీసుకి సెలవు పెట్టారని తర్వాత తెలిసింది. మళ్లీ రాలేదు. డబ్బు తిరిగివ్వలేదు మనం. రసీదు వెనక "ఫీజు వాపసు ఇవ్వబడదు" అని అచ్చు వేయించి ఉంది కదా, దాని చాటున దాక్కున్నాను.

పాత మనిషికే ఎందుకు ఎక్కువ దెబ్బ తగులుతుందో చెప్తాను. కొత్తగా వచ్చినవాళ్లకి ఎత్తడం రాదు కాబట్టి ఎక్కువ ఎత్తలేరు. పాతవాళ్లకి ఎలా ఎత్తాలో ఒళ్లు మర్చిపోదు. కండ కూడా మొదటిసారి కంటే తొందరగానే తిరిగొస్తుంది, అందులో అబద్ధం లేదు. కండని ఎముకకి కట్టి ఉంచే స్నాయువులు మాత్రం నిదానం మనుషులు. కండ ఒక నెలలో సిద్ధమైతే అవి ఇంకా నెలలు తీసుకుంటాయి. అంటే మోటార్ బాగుంది, బెల్టు పాతది. మోకాలి చిప్ప కింద, మోచేతి దగ్గర, భుజం ముందు వైపు వచ్చే నొప్పుల్లో కొన్నిటికి కారణం ఈ తేడానే.

మామూలు ఒళ్లునొప్పులు వేరు. అవి రెండో రోజు, మూడో రోజు బాగా ఉండి తర్వాత తగ్గుతాయి. కానీ కండ వాచిపోయి, మూత్రం కోలా రంగులోకి మారితే అది నొప్పి మాత్రతో పోయే వ్యవహారం కాదు. కండ కణాలు విరిగి, వాటిలోని పదార్థాలు రక్తంలో కలిసి కిడ్నీల మీద పడుతుండొచ్చని అర్థం. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఇది అరుదే, కానీ ఈ జబ్బు వచ్చేవాళ్లలో చాలా రోజులు మానేసి ఒక్కసారిగా విరగదీసినవాళ్లు ఉంటారు కాబట్టి చెప్పక తప్పదు.

మరి ఎంతతో మొదలుపెట్టాలి? నా లెక్క నేను చెప్తాను. మానేసేనాటికి నా స్క్వాట్ 110. మళ్లీ మొదలుపెట్టింది 40తో, ఐదేసి రెప్స్ (ఎత్తి దించడాలు) మూడు సెట్లు, వారానికి రెండు రోజులు. ఒక్కో రోజుకి రెండున్నర కిలోలు పెంచాను. ఎనిమిది వారాలకి 80 దగ్గరికి వచ్చాను. ఇంకా ఎత్తగలిగేవాణ్ణి, ఆగాను. పాత బరువులో సగం కంటే తక్కువతో మొదలుపెట్టినవాళ్లెవరూ తర్వాత బాధపడగా నేను చూడలేదు. బీపీ, షుగర్, ఆపరేషన్ అయినవాళ్లు ముందు మీ డాక్టర్‌ని అడిగి రండి. ఊపిరి బిగబట్టి బరువెత్తితే బీపీ ఒక్కసారి పైకి లేస్తుంది.

రెండున్నర కిలోలన్నాను కదా, అక్కడే ఇంకో కథ. నేను తిరిగిన ఐదు జిమ్‌లలో మూడింట్లో 1.25 కిలోల ప్లేట్లు లేవు. అతి చిన్నది రెండున్నర, రెండు పక్కలా వేస్తే ఒక్కసారే ఐదు కిలోలు. వంద ఎత్తేవాడికి ఐదు పెరిగితే పర్లేదు. తల మీదికి ఇరవై కిలోలు ఎత్తే ఒకావిడకి ఐదు పెంచితే అది నాలుగో వంతు పెంచినట్టు. ఆవిడ అక్కడే ఆగిపోయి, "నా వల్ల కాదు" అనుకుంటుంది. తప్పు ఆవిడది కాదు, ప్లేట్లది. మన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో (ఒకే ఊపులో తల పైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తల పైకి) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. స్వర్ణం, రజతం తెచ్చుకున్న ఇద్దరిదీ 242.5. అంత పెద్ద బరువుల దగ్గర కూడా తేడా ఆ రెండున్నర కిలోలే. జిమ్ చూడ్డానికి వెళ్లినప్పుడు పెద్ద డంబెల్స్ వరస చూసి మురిసిపోకండి. మూలన చిన్న ప్లేట్లున్నాయా చూడండి.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ మన దగ్గర కూడా ఒకే జత ఉండేది, అదీ తుప్పు పట్టి. సముద్రం గాలికి మన ఊళ్లో ఇనుము ఎలా అవుతుందో మీకు తెలియంది కాదు. వారం తుడవకపోతే రాడ్ మీద గరుకు గీతల్లో ఎర్ర పొడి చేరుతుంది, చేతికి అంటుతుంది. ఇప్పుడు 1.25వి నాలుగు జతలు, అరకిలోవి రెండు జతలు, ఆడవాళ్ల కోసం సన్నగా ఉండే 15 కిలోల రాడ్ ఒకటి కొన్నాను. రాత్రి మూసేముందు నైలాన్ బ్రష్‌తో రుద్ది, పల్చగా నూనె రాసి, పొడిగుడ్డతో తుడిచి పెడుతున్నాను. పొద్దున్న మొదటి బ్యాచ్‌వాళ్లకి కాస్త జిడ్డుగా అనిపిస్తే ఆ నూనే, ఇంకేం కాదు.

ఆ డబ్బు ఎక్కడిదంటే, కొత్త ట్రెడ్‌మిల్‌కి దాచింది. అందుకే ట్రెడ్‌మిల్ రాదు. నడవాలంటే పొద్దున్నే బీచ్ రోడ్డుంది, మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారి విగ్రహం దాకా నడిచి ఒక దండం పెట్టుకుని రావచ్చు. ట్రెడ్‌మిల్ బదులు రెండో స్క్వాట్ ర్యాక్ (రాడ్ పెట్టుకునే స్టాండ్) వచ్చింది, బరువు జారితే ఆపే సేఫ్టీ పిన్నులు కింద ఉన్నది. పాత ర్యాక్ పిన్నుల్లో ఒకటి పోయి ఏడాదైంది. పోయిందని నాకు తెలుసు. ఇకమీదట పిన్నులు లేకుండా ఎవరూ స్క్వాట్ చెయ్యరు, నేను సహా.

ఇక డబ్బు విషయం. మానేసి మళ్లీ వచ్చేవాళ్లకి ఒకటో తేదీ నుంచి సంవత్సరం ప్యాకేజీ అమ్మం. అడిగినా ఇవ్వం. మొదటి మూడు రోజులు ఉచితం, తర్వాత మూడు నెలలు నెలనెలా కట్టండి. ఆ తర్వాత మీ ఇష్టం. ఊరెళ్లినా, ఒంట్లో బాగోకపోయినా ముందు వాట్సాప్ చేస్తే ఆ రోజులు చివర్లో కలుపుతాం. నెల ఫీజు మాత్రం వంద రూపాయలు పెరుగుతోంది, కరెంటు బిల్లు చూపించమంటే చూపిస్తాను. 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్‌ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది కదా, మీరెందుకు తగ్గించలేదని కొందరు అడిగారు. మన ఏడాది రాబడి ఇరవై లక్షల లోపే, మనకి రిజిస్ట్రేషన్ లేదు, మీ దగ్గర ఎప్పుడూ జీఎస్టీ వసూలు చెయ్యలేదు. చెయ్యనిది ఎలా తగ్గించను?

మన జిమ్ అందరికీ సరిపోదు, అదీ చెప్పేస్తాను. ఏసీ కావాలంటే మన దగ్గర లేదు, ఏప్రిల్, మే నెలల్లో చెమట ధారలు కడుతుంది. మోకాళ్లు బాగోనివాళ్లకి మొదటి అంతస్తు మెట్లే కష్టం, లిఫ్ట్ లేదు. ఆడవాళ్లకి విడిగా టైమ్ పొద్దున్న పది నుంచి పన్నెండు వరకే. ఉద్యోగాలు చేసేవాళ్లకి అది పనికిరాదని తెలుసు, ఇంకా దారి దొరకలేదు. సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది వరకు ర్యాక్ కోసం ఆగాల్సి వస్తుంది. అందుకే ఏ జిమ్ అయినా, మాది అయినా, ఖాళీగా ఉన్న మధ్యాహ్నం పూట చూసి చేరకండి. మీరు రోజూ ఏ టైమ్‌కి వస్తారో ఆ టైమ్‌కే వెళ్లి అరగంట ఒక మూల కూర్చోండి. ట్రైనర్ ఎవరి దగ్గర నిలబడుతున్నాడు, పర్సనల్ ట్రైనింగ్ డబ్బు కట్టినవాళ్ల దగ్గరేనా, ఫోన్ ఎన్నిసార్లు చూస్తున్నాడు, ఎవరైనా తప్పుగా ఎత్తుతుంటే లేచి వెళ్తున్నాడా, అన్నీ అరగంటలో తెలిసిపోతాయి. పెందుర్తి నుంచో గోపాలపట్నం నుంచో ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్ దాటుకుని మా దగ్గరికి రావాలనుకునేవాళ్లు మీ ఇంటి పక్క జిమ్ ముందు చూసుకోండి. అది కాస్త తక్కువ రకమైనా సరే. దూరం వల్ల మానేసినవాళ్ల పేర్లు నా రిజిస్టర్‌లో రెండు పేజీలున్నాయి.

సాయంత్రం ట్రైనర్ మానేశాడని కొందరికి తెలిసే ఉంటుంది. గొడవేం లేదు, వేరే చోట జీతం ఎక్కువిచ్చారు, వెళ్లాడు. కొత్తాయన సోమవారం నుంచి వస్తారు. అప్పటిదాకా నేనే ఉంటాను.

పోయిన వారం ఆ తొమ్మిది వేలు కట్టినాయనకి ఫోన్ చేశాను. మొదట నన్ను గుర్తుపట్టలేదు. చెప్పాక కాసేపు మాట్లాడలేదు. "డబ్బు తిరిగిస్తాను సార్, ఫోన్‌పే నంబర్ ఇదేనా" అని అడిగాను. "ఇప్పుడెందుకండీ" అన్నారు. నేను చేసిందీ, నా కాళ్లకి అయిందీ చెప్తే నవ్వారు. డబ్బు తీసుకున్నారు. మళ్లీ వస్తారా అని అడిగాను. సీతమ్మధారలో ఇంటి దగ్గరే చేరానని, అక్కడ బాగానే ఉందని చెప్పారు. ఇలాగే కట్టి, ఒకటి రెండు నెలల్లోనే మానేయాల్సి వచ్చినవాళ్లు ఇంకెవరైనా ఉంటే పాత రసీదు లేకపోయినా పర్లేదు, రిజిస్టర్‌లో పేరుంటే చాలు. ఒకేసారి అందరికీ ఇవ్వలేను, వరసగా ఇస్తాను.

గోడ మీద ఫోటో తీసేశాను. అక్కడ మేకు కన్నం మిగిలింది, ఎడమ వైపు ఫ్యాన్ బాగుచెయ్యడానికి గురువారం ఎలక్ట్రీషియన్ వస్తున్నాడు, అతనితోనే దాన్నీ పూడ్పిస్తాను. నేను మంగళ, శుక్రవారాలు పొద్దున్న ఏడింటికి చేస్తున్నాను, అందరి ముందే. ఈ మంగళవారం 82.5.

— మీ మాస్టారు