వార్షిక నివేదిక 2024-25: ఇంటి పద్దు యాప్, బీటా (అందరూ వాడి చూసే పరీక్ష రూపం) దాకా

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, కాలనీ వాసులందరికీ నమస్కారం.

ఏటా చేసే పనులు ఈ ఏడూ చేశాం. వినాయక చవితి పందిరి మాత్రం వేయలేదు. ఆ రోజుకింకా మన వీధుల్లో బుడమేరు వాగు వరద నీళ్లు పూర్తిగా తియ్యలేదు. సెప్టెంబర్ 1 నుంచి ట్రాక్టర్ల మీద పాలు, మంచినీళ్లు తెచ్చిపెట్టిన కుర్రాళ్లకు, పై అంతస్తుల తలుపులు తెరిచి కింది వాళ్లకు చోటిచ్చిన కుటుంబాలకు సంఘం తరఫున మరోసారి కృతజ్ఞతలు.

ఇక ఈ ఏడాది అసలు పని గురించి. ఇంటి జమాఖర్చులు ఫోన్‌లో రాసుకునే యాప్ ఒకటి మనమే చేసుకుందామని మన యువజన విభాగం పిల్లలు జూన్‌లోనే అడిగారు. కార్యవర్గంలో సగం మంది నవ్వారు. నేనూ నవ్వాను, దాచడం ఎందుకు. నీళ్లు తీశాక ప్రతి ఇంటి మెట్ల మీదా ఆరబెట్టినవి చూశాం కదా: చీటీ పుస్తకం, పాల కార్డు, డ్వాక్రా పుస్తకం, చదివింపుల పుస్తకం. సిరా అంతా అలుక్కుపోయింది. ఏ పెళ్లిలో ఎవరు ఎంత చదివించారో తెలియకపోతే రేపు వాళ్లింటి శుభకార్యానికి ఎంత పెట్టాలి? ఆ తర్వాత యాప్ మాటెత్తితే ఎవరూ నవ్వలేదు.

కంప్యూటర్ పని ముగ్గురు పిల్లలు రాత్రిళ్లు కూర్చుని చేశారు. కానీ యాప్‌ను యాప్‌గా నిలబెట్టింది మాత్రం మన ఆడవాళ్లే. సంక్రాంతి ముగ్గుల పోటీ అయ్యాక అందరినీ ఫోన్లతో హాల్లో కూర్చోబెట్టాం. ఈ ఏడాది నేను గర్వంగా చెప్పుకోగలిగిన రోజు అదొక్కటే. ముందు బయటపడింది అక్షరాల సంగతి. తెర మీద వత్తులు కిందకి తెగిపోయి ‘అప్పు’ కాస్తా ‘అపు’ అయింది, ‘మొత్తం’ ‘మొతం’ అయింది. లక్ష రూపాయలు 100,000 అని పడింది. మన లెక్కలో 1,00,000 అని ఉండాలి కదా. ఒకావిడ వరద సాయం 25,000 ఆదాయంలో రాస్తే, మరుసటి నెల పద్దులో ‘మీ ఆదాయం బాగా తగ్గింది’ అని చూపించింది యాప్. ‘నా ఆదాయం ఎప్పుడు పెరిగిందమ్మా తగ్గడానికి’ అందావిడ. అందుకే ఒక్కసారి వచ్చే డబ్బుకు వేరే గడి పెట్టారు.

అసలు గొడవ చీటీ దగ్గర. నెలనెలా కట్టేది పొదుపా, అప్పా? గంటసేపు వాదించుకున్నారు. చివరికి మన పాత చీటీల పెద్దమ్మ గారు తేల్చారు: పాట పాడక ముందు పొదుపు, పాడుకున్నాక అప్పు తీర్చడం. పాడిన నెల తేదీ రాస్తే చాలు, ఆ తర్వాతి వాయిదాలు యాప్ తనంతట తానే అప్పు వైపు వేస్తుంది. ఇది ఆ పిల్లలకు ఏ కాలేజీలోనూ చెప్పి ఉండరు.

బ్యాంకు మెసేజీలు చదివి ఖర్చు దానంతటదే రాసుకునేలా చేద్దామని మొదట అనుకున్నారు. దానికి గూగుల్ వాళ్ల ప్రత్యేక అనుమతి కావాలి. అంతకన్నా ముందు మన పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. రోజూ సైబర్ మోసాల వార్తలు చదువుతూ మెసేజీలు ఎవరు చూపిస్తారు? కాబట్టి చేత్తోనే రాసుకోవాలి, పద్దు మీ ఫోన్‌లోనే ఉంటుంది. ఫోన్ కూడా నీళ్లలో పడొచ్చు కనుక, వారానికోసారి మీ సొంత గూగుల్ డ్రైవ్‌లో కాపీ పెట్టుకోమని అదే గుర్తు చేస్తుంది.

ఇప్పుడు బాధ చెప్పాలి. యాప్‌ను గూగుల్ ప్లే స్టోర్‌లో పెట్టడానికి సంఘం పేరు మీద ఖాతా తెరవాలంటే డన్స్ నంబరు (సంస్థలకిచ్చే గుర్తింపు సంఖ్య) కావాలన్నారు. అది మనకు లేదు గనుక యాప్ చేసిన పిల్లల్లో ఒక కుర్రాడి పేరు మీద తెరిచాం. ‘అతని పేరెందుకు’ అని వాట్సాప్‌లో అడిగిన వారికి ఇదే జవాబు. కొత్తగా వ్యక్తి పేరుతో తెరిచిన ఖాతా అయితే, బీటాను అందరికీ తెరిచే ముందు కొంతమంది వరసగా 14 రోజులు పరీక్షలో ఉండాలి. మొదట ఆ సంఖ్య 20. మూడు వందల గడపలున్న కాలనీలో 20 మంది దొరకలేదు! డిసెంబర్‌లో గూగుల్ దాన్ని 12కి తగ్గించింది. సంక్రాంతికి పేర్లిచ్చిన 12 మందిలో ఒకరు ఇచ్చిన మెయిల్ అమెరికాలో ఉన్న అబ్బాయిది. ఇద్దరు తొమ్మిదో రోజున తప్పుకున్నారు, ఒకరు కార్యవర్గ సభ్యులే. మళ్లీ మొదటి నుంచి లెక్క. ఫిబ్రవరిలో నేనే ఇంటింటికీ తిరిగి ఫోన్లు అడిగి చూస్తూ పూర్తి చేయించాను. ఆ 14 రోజుల టెన్షన్ మా ఇంట్లో వాళ్లకు తెలుసు.

సంక్రాంతి సభకు వస్తానని మాటిచ్చిన అధికారి గారు రెండు గంటలు ఎదురుచూపించి రాలేదు. శాలువా సంఘం బీరువాలోనే ఉంది.

జమాఖర్చులు: ఆడిట్ అయింది, ప్రతులు కోశాధికారి గారి దగ్గర చూసుకోవచ్చు. యాప్ ఖాతాకు ఒకేసారి కట్టిన 25 డాలర్లు కుర్రాడికి తిరిగి ఇచ్చేశాం. ఐఫోన్లలోనూ యాప్ పెట్టాలంటే ఏటా 99 డాలర్లు కట్టాలి. సభ్యత్వ బకాయిలు వసూలయ్యేదాకా ఆ ఊసు వద్దు. ఇంటి పద్దు యాప్ చేసిన సంఘానికే బకాయిలు ఇన్ని ఉన్నాయంటే బాగుండదు.

బీటాను ఉగాది నాడే, మార్చి 30న తెరుద్దామనుకున్నాం. అనుమతి ఆలస్యమైంది, ఇప్పుడు వచ్చింది. ఈ సమావేశం అయ్యాక గుమ్మం దగ్గర బల్ల వేసుకుని పిల్లలు కూర్చుంటారు. ఫోన్ తెచ్చుకోండి, ఆ ఫోన్‌లో ఉన్న మీ సొంత మెయిలే వాడండి. తప్పు కనబడితే తెర ఫొటో తీసి పంపండి. యాప్ బాగాలేదని మెట్ల మీద చెప్పుకుంటే అది సరికాదు.

ఇట్లు,
కార్యదర్శి