లేబర్ రూంలో "మెషిన్ ఏది?" అని అరిచింది నేనే: కరీంనగర్ మిడ్‌వైఫ్ సిస్టర్లకు కృతజ్ఞతలు

కరీంనగర్ మాతా శిశు ఆరోగ్య కేంద్రంలో మా చెల్లెలికి కాన్పు చేసిన ఇద్దరు మిడ్‌వైఫ్ సిస్టర్ల కోసం ఈ పోస్టు. పేర్లు రాయొద్దన్నారు, రాయట్లేదు, చదివితే వాళ్ళకే తెలుస్తుంది. బుధవారం పొద్దున ఆరింటికి "బిడ్డ గుండె చప్పుడు చూసే మెషిన్ పెట్టకుండా ఏం చూస్తున్నారు మీరు, సర్కారు దవాఖాన అంటే ఇంతేనా?" అని వార్డంతా వినబడేలా గొంతు చించుకున్నది నేనే. అందుకే థాంక్స్ కంటే ముందు సారీ.

నా భయానికి కారణం ఉంది. ఆరేళ్ళ కింద నా కాన్పు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అయింది. నొప్పులు మొదలవగానే పొట్టకు రెండు బెల్టులు కట్టి వెల్లకిలా పడుకోబెట్టారు, పక్కన మెషిన్ కాగితం కక్కుతూ కూర్చుంది. ఏడు గంటలు అంతే. కాస్త పక్కకు తిరిగితే బెల్టు జారి చప్పుడు ఆగిపోయేది, నర్సు వచ్చి "కదలకమ్మా" అని బెల్టు సర్ది, నా మొహం చూడకుండా మెషిన్ మొహం చూసి వెళ్ళిపోయేది. చివరికి "గ్రాఫ్ బాగాలేదు" అన్నారు, ఆపరేషన్ చేశారు, బాబు పుట్టగానే గట్టిగా ఏడ్చాడు. ఆ ఆపరేషన్ అవసరమా కాదా అని ఇప్పుడు తవ్వను. కానీ అంత బాధపడ్డాక కూడా నా బుర్రలో ఒక్కటే నాటుకుపోయింది, ఆ మెషిన్ ఉంటేనే బిడ్డ క్షేమం అని.

చెల్లె మాత్రం మొదటి నుంచీ సర్కారు దవాఖానకే పోతానంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లేనని, ప్రైవేటులో అయితే 81.5 శాతమని ఎక్కడో చదివి ఆ పేపర్ కటింగు నాకే చూపించింది. 2017లో మన రాష్ట్రంలో మిడ్‌వైఫ్ శిక్షణ కరీంనగర్‌లోనే మొదలైందని, నర్సులుగా ఉన్నవాళ్ళే మళ్ళీ 18 నెలలు నేర్చుకుని వస్తారని కూడా తనే చెప్పింది. నేను నమ్మలేదు. నర్సు నర్సే కదా అనుకున్నా.

మంగళవారం రాత్రి నొప్పులు మొదలయ్యాయి, తెల్లవారుజామున నాలుగింటికి మరిది ఆటోలో తీసుకొచ్చాడు. తోడుగా ఒకరినే ఉండనిస్తామంటే అమ్మకు ధైర్యం చాలక నన్ను పంపింది. (అమ్మ బయట బెంచీ మీద కూర్చుని మా అందరికంటే ఎక్కువ నొప్పులు పడింది, అది వేరే కథ.) చూస్తే మా చెల్లె నడుస్తోంది, మధ్యలో మజ్జిగ తాగుతోంది, నొప్పి వచ్చినప్పుడల్లా కిటికీ ఊచలు పట్టుకుని వంగితే సిస్టర్ వెనక నుంచి నడుము నొక్కుతోంది. బెల్టు లేదు, కాగితం లేదు. సిస్టర్ జేబులో అరచేతిలో పట్టేంత డబ్బా ఒకటి, బిడ్డ గుండె చప్పుడు వినే డాప్లర్ అంట. అప్పుడే నేను అరిచింది. నా కోపం చల్లారేదాకా ఆ సిస్టర్ ఏమీ అనలేదు, తర్వాత "అక్కా, ఇటొచ్చి నా పక్కన నిలబడు, నేనేం చూస్తున్నానో నువ్వూ చూడు" అంది.

చూశాను. ముందు పొట్టంతా రెండు చేతులతో తడిమి బిడ్డ వీపు ఎటుందో పట్టుకుంది, చప్పుడు వీపు వైపే బాగా వినబడుతుందట. అక్కడ డాప్లర్ పెట్టి, రెండో చేత్తో చెల్లె మణికట్టు పట్టుకుంది. అదెందుకని అడిగితే, ఒక్కోసారి డబ్బాలో తల్లి నాడే వినబడుతుంది, దాన్నే బిడ్డ గుండె అనుకుని మోసపోతాం, రెండూ వేర్వేరని తేలాకే లెక్క రాయాలి అంది. అప్పుడు చెల్లెకు 88, బిడ్డకు 142. ఇక అసలు సంగతి, ఎప్పుడు వినాలన్నది. నొప్పి వచ్చినప్పుడు గర్భసంచి బిగుసుకుని మాయకు వెళ్ళే రక్తం కాసేపు తగ్గుతుందట, ఆ కాసేపటికి సరిపడా సత్తువ బిడ్డ దగ్గర ఉందా లేదా అన్నది నొప్పి తగ్గగానే తెలుస్తుందట. అందుకే నొప్పి దిగిన వెంటనే నిండా ఒక నిమిషం వింటుంది. నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండాలి. నొప్పి అయిపోయాక గుండె నెమ్మదించి, మళ్ళీ పుంజుకోవడానికి ఆలస్యం చేస్తుంటే మాత్రం జాగ్రత్త పడాలి. అరగంటకోసారి వింటే చాలట, ఆవిడ పావుగంటకే వింటోంది, ప్రతిసారీ చార్టులో రాస్తోంది. నేను లెక్కల టీచర్ని, వాచీ పెట్టుకుని కూర్చున్నా. ఒక్కసారి కూడా తప్పలేదు.

"మరి మెషిన్ ఎందుకుంది?" అన్నాను, మొండితనం అంత తొందరగా పోతుందా. బీపీ ఎక్కువున్నా, ఉమ్మనీరు పచ్చగా వచ్చినా, నొప్పుల కోసం సెలైన్‌లో మందు ఎక్కిస్తున్నా, ఇంతకుముందు ఆపరేషన్ అయినా డాక్టరుగారు వస్తారు, మెషిన్ పెడతాం, అంది. ఏ ఇబ్బందీ లేని తల్లికి అవసరం లేదట.

పన్నెండు దాటాక అదీ చూడాల్సి వచ్చింది. పరీక్ష చేయడానికి చెల్లెను వెల్లకిలా పడుకోబెట్టారు, గర్భసంచి నోరు ఎనిమిది సెంటీమీటర్లు తెరుచుకుందన్నారు. సరిగ్గా అప్పుడే పెద్ద నొప్పి, అది దిగాక డాప్లర్‌లో చప్పుడు నెమ్మదిగా, బరువుగా వినిపించింది. 96. నా కాళ్ళు చల్లబడ్డాయి. సిస్టర్ మొహంలో తేడా లేదు కానీ చేతులు ఎంత వేగంగా కదిలాయో! డబ్బా తీయకుండానే చెల్లెను ఎడమ పక్కకు తిప్పింది, రెండో సిస్టర్‌ను డాక్టరుగారి కోసం పంపింది. 104, 118, 130. డాక్టరు మేడం వచ్చేసరికి 136. అయినా ఊరుకోలేదు, మెషిన్ తెప్పించి అరగంట పెట్టారు, చెల్లె ఎడమ పక్కకే పడుకుని ఉంది, గ్రాఫ్ మంచిగా ఉందని మేడం అన్నాక తీసేశారు. వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువంతా వెనక ఉన్న పెద్ద రక్తనాళం మీద పడి బిడ్డకు రక్తం తగ్గుతుందని అప్పుడు చెప్పారు. నాకు నా ఏడు గంటలు గుర్తొచ్చాయి. బయటికి ఏమీ అనలేదు.

మెషిన్ తీశాక నాకు మళ్ళీ టెన్షన్. అది గమనించి సిస్టర్ గరాటా లాంటిది ఒకటి నా చేతిలో పెట్టింది. ఫ్రెంచి డాక్టరు పినార్ 1895లో తయారు చేసిందట, కరెంటు లేదు, బ్యాటరీ లేదు. "చెయ్యి తీసెయ్ అక్కా, చెవితోనే నొక్కి పట్టాలి" అంది. ముందు ఏమీ వినబడలేదు. తర్వాత, ఊరవతల ఎక్కడో డప్పు గబగబా కొడుతున్నట్టు... వాచీ చూసుకుంటూ లెక్కపెట్టాను, 136. సిస్టర్ డాప్లర్ పెట్టి చూస్తే 138. "రెండు తక్కువ, మార్కులు కట్" అంది. చెల్లె అంత నొప్పిలోనూ నవ్వింది.

ముక్కడం మొదలయ్యాక ఐదు నిమిషాలకోసారి విన్నారు. గోడవారన మోకాళ్ళ మీద కూర్చుంటానంటే కూర్చోనిచ్చారు, ఎవరూ అరవలేదు, ఎవరూ పొట్ట మీద నొక్కలేదు. మధ్యాహ్నం 2:20కి పాప, 2.9 కిలోలు. తుడిచి తల్లి గుండెల మీద పెట్టారు, బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగాకే కోశారు.

ఇంటికొచ్చాక నా అనుమానం తీరక చదివాను. ఆరోగ్యంగా ఉన్న తల్లికి నొప్పులు వాటంతట అవే వస్తే, మధ్యమధ్య వింటే చాలని, ఎడతెగకుండా మెషిన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పిందట. ఎడతెగకుండా మెషిన్ పెడితే పుట్టిన పిల్లల్లో ఫిట్స్ తగ్గుతాయని పరిశోధనల్లో తేలిన మాట నిజమే, కానీ మరణాలు తగ్గలేదు, ఆపరేషన్లు మాత్రం పెరిగాయి. అందుకని మెషిన్ పెట్టారంటే మోసం అనుకోకండి, మాకూ అరగంట అక్కరకొచ్చింది. నేను అనేదల్లా, మెషిన్ లేదంటే చూడట్లేదని కాదు. మా చెల్లెను ఆ రోజు చూసినంతగా నన్ను ఎవరూ చూడలేదు.

అలా చూడాలంటే ఒక్కో తల్లి దగ్గర ఒక్కో మనిషి ఉండాలి. ఆ రోజు పక్క మంచం మీద ఇంకొకరు ఉన్నారు, ఇద్దరు సిస్టర్లు పొద్దుటి నుంచి నిలబడే ఉన్నారు, మూడింటిదాకా టిఫిన్ డబ్బా మూత తీయలేదు. ఈ పోస్టు పైవాళ్ళెవరైనా చదివితే ఇలాంటి సిస్టర్లను ఇంకొంతమందిని వేయండి సార్.

సిస్టర్లూ, డిశ్చార్జి రోజు మిఠాయి డబ్బా ఇస్తే వద్దన్నారు, బలవంతపెట్టలేదు. వచ్చే ఆదివారం మా ఇంట్లో తొట్టెల. డ్యూటీ ఉంటే దిగాకే రండి, ఎంత పొద్దుపోయినా సరే, మీ ఇద్దరికీ అన్నం తీసి పెట్టే ఉంచుతాం. అమ్మ మీ ఇద్దరికీ చీరలు కొని పెట్టింది, వద్దంటే ఆ గొడవ అమ్మతో మీరే పడాలి.